లివర్ తుపాకీకి ఏ బోరు? ముందు తూటా ఎక్కడిదో చెప్పు

మొన్నామధ్య మా అక్క కొడుకు నర్సీపట్నం పైనుంచి గాజువాక వచ్చాడు. చేలో పంపు మోటారు వైండింగు కాలిపోతే ఆటోనగర్ తెచ్చాడు. దాన్ని షాపులో పడేసి, నా పక్కన బల్ల మీద కూర్చుని ఫోన్ తీశాడు. అందులో టోపీ పెట్టుకున్న అమెరికా ఆసామి ఒకడు తుపాకీ కింద ఉన్న లివర్ని కిందకీ పైకీ కొడతన్నాడు. కొట్టినప్పుడల్లా ఖాళీ డొప్ప ఎగిరి పడతంది, కొత్త తూటా లోపలికి పోతంది.

"మావా, దీనికి ఏ కేలిబర్ మంచిదంతావు? ఈడు .357 అంతన్నాడు, ఇంకోడు .30-30 అంతన్నాడు. మరొకడు .45-70 లేపోతే దండగంతన్నాడు."

"నీకెందుకురా అల్లుడూ?"

"పందులు మావా. సేను కోతకొచ్చీసరికి సగం తొక్కి పోతన్నాయి. మా అవతల ఊళ్లో ఒకాయన ఉన్నాడు. గొట్టం తెచ్చిత్తే సేసిత్తానన్నాడు. ఏ బోరు కావాలో సెప్పమన్నాడు."

నాకు నోట మాట రాలేదు. ఈ గుంటడికి 22 ఏళ్లు. మంచోడు, కష్టపడతాడు. ఫోన్లో చూసిన ఒక ప్రశ్న పట్టుకుని నేరుగా జైలు గుమ్మం దాకా నడిచొచ్చేశాడు, ఆ సంగతి ఆడికి తెలీదు.

అందుకే ఈ వ్యాసం. ముందే చెప్తన్నాను, నేను తుపాకుల నిపుణుణ్ణి కాదు. పదో తరగతి తప్పి లేతు మిషను కాడ హెల్పరుగా చేరినోణ్ణి. తర్వాత పోరాటాల్లో తిరిగాను. మన మీద పెట్టిన కేసులు మనకే అర్థం కాకపోతే ఎలా అని చట్టం పుస్తకాలు చదవడం మొదలెట్టాను. ఆ రెండు చదువులూ ఇక్కడ పనికొచ్చాయి.

బోరు అంటే ఏటి?

కేలిబర్ అన్నా బోరు అన్నా గొట్టం లోపలి వెడల్పు. .30 అంటే అంగుళంలో నూటికి ముప్పై వంతులు, అంటే 7.62 మిల్లీమీటర్లు. 12 బోరు లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు పోస్తే, ఆ ఒక్క గుండు పట్టే గొట్టం 12 బోరు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెడల్పు పెరిగితే దెబ్బ పెరుగుద్ది అనుకుంటారు. అది సగం నిజం కూడా కాదు.

ఆటోనగర్లో పని చేసినోడికి ఇది ఇట్టే తెలుస్తది. అర అంగుళం విట్‌వర్త్ బోల్టు ఉంది, 12 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్టు ఉంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. బలవంతంగా తిప్పితే మర చచ్చిపోద్ది, లేకపోతే మధ్యలో పట్టేస్తది. నట్టు కాడ మర పోతే నష్టం పది రూపాయలు. తుపాకీ కాడ ఆ పొరపాటు చేస్తే పేలేది మొహం పక్కన.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందు గుండు, దాని వెనక మందు, ఈ రెంటినీ పట్టుకునే ఇత్తడి డొప్ప, డొప్ప అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. గుండు వెడల్పు ఒక్కటే సరిపోతే చాలదు. డొప్ప పొడుగు, భుజం, అంచు, లోపల పుట్టే ఒత్తిడి, అన్నీ ఆ తుపాకీకి సరిపోవాలి. .357 మాగ్నమ్ తుపాకీలో .38 స్పెషల్ తూటా పేలుద్ది. తిరగేసి, .38 తుపాకీలో .357 పెట్టకూడదు. ఎవరూ పొరపాటున పెట్టకుండా .357 డొప్పని దాదాపు ఒక సూత్ పొడుగు చేశారు. అంటే కేలిబర్ అనేది తూటాకీ తుపాకీకీ మధ్య రాసుకున్న ఒప్పందం లాంటిది. తూటా చేసే కార్ఖానా, తుపాకీ చేసే కార్ఖానా, రెండూ ఆ కొలతకి కట్టుబడి ఉండాలి.

సినిమాలో చూసిన ఆ తుపాకీ

లివర్ తుపాకీ మనకి కొత్తేం కాదు. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' తీసినప్పటి నుంచి చూస్తానే ఉన్నాం. చిరంజీవి 'కొదమ సింహం', మహేశ్ బాబు 'టక్కరి దొంగ', అన్నీ ఆ కౌబాయ్ వేషాలే.

ఆ తుపాకుల్లో పేరుమోసింది 1873 నాటి వించెస్టర్. దాని తూటా .44-40, అంటే .44 కేలిబరు, 40 గ్రెయిన్ల నల్లమందు. దానికి అంత పేరు ఎందుకొచ్చిందో తెలుసా? దెబ్బ గట్టిదని కాదు. 1878లో కోల్ట్ కంపెనీ అదే తూటా పేల్చే రివాల్వర్ అమ్మకానికి పెట్టింది. దూరం పోయే మనిషి ఒకే రకం తూటాలు నడుముకి కట్టుకుంటే చాలు, చేతి తుపాకీకీ పెద్ద తుపాకీకీ రెంటికీ సరిపోతాయి. ఊరు ఊరుకీ అంగట్లో దొరుకుతాయి. అక్కడోడు కూడా ముందు చూసుకున్నది తూటా ఎక్కడ దొరుకుతాదనే.

రెండో సంగతి. లివర్ తుపాకుల్లో చాలావాటికి గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటాది, తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమరుకి ఆనుకుని ఉంటాది. ముక్కు సూదిగా ఉంటే కుదుపుకి ముందుది లోపలే పేలొచ్చు. అందుకే వీటికి మొండి ముక్కు గుండ్లు వాడతారు, ఈ మధ్య మెత్తటి ప్లాస్టిక్ ముక్కువి కూడా వచ్చాయి. మొండి ముక్కు గాలిని కోసుకుపోలేదు, దూరం పోయేకొద్దీ వేగం తగ్గిపోద్ది. కాబట్టి లివర్ తుపాకీ దగ్గర దూరాల పనిముట్టు.

మా గుంటడు అడిగిన మూడింటి సంగతీ చెప్పేస్తాను. .357 నిజానికి చేతి తుపాకీ తూటా. కుదుపు తక్కువ, ఖర్చు తక్కువ, దగ్గరకే పనికొస్తది. .30-30 వయసు 1895 నుంచి. 10, 11 గ్రాముల గుండు, అమెరికాలో తరతరాలుగా జింకల వేటకి వాడింది అదే. .45-70 అక్కడి సైన్యం 1873లో పెట్టుకున్నది. గుండే దాదాపు 26 గ్రాములు, భుజం మీద గాడిద తన్నినట్టు ఉంటాది. ఏది మంచిదీ అంటే ఏ పనికి, ఎంత దూరానికి, తూటా ఎక్కడ దొరుకుతాది అన్న మూడు ప్రశ్నలకి జవాబు దొరికాక చెప్పాలి.

ఇంకో ముచ్చట. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యాకి తుపాకులు చాల్లేదు. అమెరికా నుంచి 1895 రకం వించెస్టర్ లివర్ తుపాకులు దాదాపు 3 లక్షలు కొంది. అయితే అమెరికా తూటాకి కాదు, తన సైన్యం అప్పటికే వాడతన్న 7.62 తూటాకి సరిపడేలా చేయించుకుంది. అంత పెద్ద రాజ్యం కూడా తుపాకీని తూటాకి తగ్గట్టు మార్చుకుంది.

మన దేశంలో బోరు ఎంచేది ఎవరు?

ఇప్పుడు మన కాడికి వద్దాం. ఇక్కడ బోరు ఎంచుకునేది కొనేవాడు కాదు, సర్కారు. ఇది తెల్లోడి కాలం నుంచి వస్తన్న సంగతి.

1871లో బ్రిటిష్ సైన్యంలోకి మార్టినీ హెన్రీ తుపాకీ వచ్చింది. అదీ లివర్‌దే. పిడి కింద లివర్ కిందకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటాది, చేత్తో ఒక్కొక్క తూటా పెట్టుకోవాలి. దాని గుండు .450. సైన్యం కొత్త తుపాకులకి మారిపోయాక ఈ పాతవి ఎవరెవరి చేతుల్లోకి పోయాయో అన్న భయం సర్కారుకి పట్టుకుంది. దాంతో 1907 ప్రాంతంలో .450 కేలిబరు వేట తుపాకుల్ని ఇండియాలోకి రానివ్వకుండా ఆపేశారు. ఏనుగుల్నీ పులుల్నీ వేటాడే దొరలకి ఇబ్బందొచ్చింది. లండన్ కంపెనీలు .465, .470, .475 అని కొత్త కొలతలు అమ్ముకున్నాయి. వెంట్రుకవాసి తేడా, అంతే! ఆ తేడా జంతువు కోసం పెట్టింది కాదు, చట్టం కోసం పెట్టింది.

సైన్యం .303 తూటా కూడా అలాగే జనానికి మూసేశారు. దానికి బదులు బజార్లోకి వచ్చింది .315, అంటే 8 మిల్లీమీటర్లు. అది ఒకప్పటి ఆస్ట్రియా సైన్యం తూటా. మన సైన్యం తుపాకీలో పట్టదు, సైన్యం తూటా ఇందులో పట్టదు. ఈరోజుకీ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ అంటే లైసెన్సుదారులకి గుర్తొచ్చేది ఆ .315 బోరే. .303కీ .315కీ పేరులో తేడా అంగుళంలో 12 వెయ్యో వంతులు. ఒకటి నిషేధం, ఒకటి లైసెన్సు.

అప్పట్లో లైసెన్సు ఎవరికి దొరికేది? 1878 ఆయుధాల చట్టం వచ్చాక తుపాకీ పట్టాలంటే దొర దయ ఉండాలి. మన విజయనగరం విజ్జీ 300 పైన పులుల్ని కొట్టాడని చెప్పుకుంటారు. అదే అడవి పక్కన బతికే కోదు, భగత, వాల్మీకి మనిషికి చేనులో పందిని తోలడానికి గొడ్డలీ విల్లూ గతి.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. కొలతల ఆలోచన మాత్రం మారలేదు. సర్వీసు తూటా పట్టే .303, 7.62 రైఫిళ్లు, పాత పోలీసు .410 మస్కెట్టు, 9 మిల్లీమీటర్ల సర్వీసు పిస్తోలు, ఇవన్నీ నిషేధిత బోరు. .22, .315, .30-06, 12 బోరు లాంటివి నిషేధం లేనివి. గమనించారా, .30-06 గొట్టం వెడల్పు కూడా 7.62 మిల్లీమీటర్లే. వెడల్పు ఒకటే అయినా డొప్ప వేరు, అందుకే చట్టం వేరు.

.410 మస్కెట్టు కథ ఇంకా చిత్రం. .303 డొప్పనే మూతి వెడల్పు చేసి, సైన్యం తుపాకీనే ఒక్కో తూటా పేల్చేలా మార్చి పోలీసులకీ జైలు కాపలావాళ్లకీ ఇచ్చారు. సొంత పోలీసు చేతిలో కూడా సైన్యం తూటా ఉండనివ్వలేదన్నమాట.

రాజుగారికి దొరికిన లెక్క

ఆ భయం ఎక్కడిదో మన మన్యానికి తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ల మనుషులు పట్టుకెళ్లింది 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు.

అక్కడ బోరు ఏదని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. ఉన్న ఒకే తెలివి, తుపాకీ ఎక్కడుందో ఆ తూటా కూడా అక్కడే ఉంటాది కాబట్టి రెండూ కలిపి తేవడం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చచ్చిపోయారు. సర్కారు కళ్లు తెరిచింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదకి వెళ్తే అక్కడ ఆయుధాలు చేతికి రాలేదు, ముందే తీసేశారు.

లెక్క వేసి చూడండి. 2500ని 26తో భాగిస్తే తుపాకీకి వంద తూటాలు కూడా రావు. అవతల మలబార్ స్పెషల్ పోలీసు, తర్వాత అస్సాం రైఫిల్స్. వాళ్ల వెనక డిపోలు, రైళ్లు, కార్ఖానాలు. రాజుగారు 1924 మే 7న కొయ్యూరు కాడ ప్రాణం వదిలేదాకా దాదాపు రెండేళ్లు ఉద్యమం నిలబడిందంటే దాన్ని నిలబెట్టింది తుపాకుల సంఖ్య కాదు. కూడు పెట్టి, కబురు మోసి, నోరు మెదపని ఊళ్లు నిలబెట్టాయి. తూటా అయిపోయాక తుపాకీ ఉత్త కర్ర. ఇది మా గుంటడికి చెప్పినప్పుడు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టాడు.

మరి ఇప్పుడు నీకేది?

ప్రభుత్వ కర్మాగారాలు పౌరులకి చేసే తుపాకుల్లో .22, .315, .30-06 రైఫిళ్లు, .32 రివాల్వరు, 12 బోరు లాంటివి ఉన్నాయి. .357, .30-30, .45-70 తూటాలు మన అంగడి సరుకు కాదు. విదేశీ తుపాకీ దిగుమతి మామూలు లైసెన్సుదారుడికి 1980ల నుంచే మూసుకుపోయింది. పేరున్న క్రీడా షూటర్లకి వేరే దారి ఉంది. ఎవరింట్లోనైనా తాతల నాటి లైసెన్సు లివర్ తుపాకీ ఉంటే ఉండొచ్చు. నిజాయితీగా ఒక్క బోరు చెప్పమంటే .22 అంటాను, ఎందుకంటే దాని తూటా ఇక్కడ దొరుకుతాది. పందికి అది పనికిరాదు, గురి నేర్చుకోడానికి పనికొస్తది.

చేను కాపలా కోసమైతే చట్టంలో నీకోసం రాసిన మాట ఉంది, ఎవరూ చెప్పరు. 1959 చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిజంగా పంట కాపాడుకోడానికి అడిగితే మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకీకి ఇవ్వొచ్చు. 21 ఏళ్లు నిండాలి, భద్రత శిక్షణ ధ్రువపత్రం ఉండాలి, పోలీసు విచారణ అవ్వాలి. ఇవ్వనంటే కారణం ఏటో రాసిమ్మని అడిగే హక్కు నీది, అప్పీలు కూడా ఉంది. దారి పొడుగే. కానీ అది దారి.

ఇంకో మాట చెవిన వేసుకోండి. తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిపందిని అనుమతి లేకుండా చంపితే నేరం. పంటకి ప్రమాదమని అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం అంతకంటే ఘోరం. పంది కోసం పెట్టిన తీగ పొద్దున్నే నీళ్లకెళ్లిన మనిషిని తినేస్తది. పది కుటుంబాలు కలిసి వంతులేసుకుని మంచె మీద కాపలా, సోలారు కంచె, నష్టం జరిగిన రోజే ఫోటో తీసి అటవీ శాఖకీ రెవెన్యూకీ దరఖాస్తు. చప్పగా ఉంటాయి ఈ పనులు, ఒప్పుకుంటాను. వీటితో ఎవడూ జైలుకి పోడు.

గురి మీద మోజుంటే .177 ఎయిర్ రైఫిల్ ఉంది. 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లు దాటని శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. దాంతో కూడా పిట్టల్ని కొట్టకండి, అదీ నేరమే.

గొట్టం తెచ్చిస్తే చేసిస్తానన్నాయన

చివరికి అసలు సంగతి. నాటు తుపాకీకి బోరు అనేదే లేదు. ఒప్పందం లేదు. నీళ్ల పైపు నీళ్ల ఒత్తిడికి చేసింది. ఉక్కు నగరంలో బతికినోణ్ణి, ఉక్కు అంతా ఒక్కటి కాదని నాకు తెలుసు. ఏ రకం ఉక్కు, ఎలా కాల్చారు, లోపల అతుకు ఉందా లేదా అన్నది కంటికి కనపడదు. మా ఊరి పక్క ఒకాయన చెయ్యి మణికట్టు కాడికి పోయింది. పంది పారిపోయింది, గొట్టం వెనక్కి చీలింది. ఆయన ఆస్పత్రికి కూడా భయపడుతూనే వెళ్లాడు. ఏం జరిగిందని అడిగితే ఏటని చెప్తాడు?

చట్టం లెక్క కూడా వినండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే 2 నుంచి 5 ఏళ్లు. తయారు చేసినోడికీ అమ్మినోడికీ 7 ఏళ్లకి తగ్గకుండా, యావజ్జీవం దాకా. గొట్టం తెచ్చిచ్చి "ఈ బోరుకి చెయ్యి" అన్నోడు రెండో వరసలోకి లాగబడడని ఎవరు హామీ? పైగా మనది మన్యం. ఇక్కడ దొరికిన తుపాకీని పంది కోసం అంటే నమ్మేవాళ్లు తక్కువ.

ఇదంతా చెప్పేసరికి మోటారు వైండింగు అయిపోయింది. ఆడు లేచి మోటారు భుజాన పెట్టుకున్నాడు.

"ఐతే ఆయనకి ఏటి సెప్పమంతావు మావా?"

"బోరు కుదర్లేదని చెప్పు. ఆధార్ కాగితం, పట్టా కాగితం పట్టుకుని సోమవారం పాడేరు రా. కలెక్టరు ఆఫీసు కాడ నేనుంటాను. దరఖాస్తు నేను రాసిస్తాను."

సోమవారం వచ్చాడు. పందుల బాధ పడతన్న ఇంకో ఆరుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. అందరివీ కలిపి పంట నష్టం అర్జీ ఒకటి, తుపాకీ లైసెన్సు దరఖాస్తు ఇద్దరిది. రసీదు నంబర్లు వేయించుకున్నాం. ఏమవుద్దో చూసి మళ్లీ రాస్తాను.